తీగ ప్రైవేటుదే, మరి ప్రభుత్వానికి అధికారం ఎక్కడిది?

ప్రశ్న: మా అన్నయ్య కేబుల్, ఇంటర్నెట్ వ్యాపారం చేస్తాడు. అప్పు తెచ్చి లైన్లు వేశాడు, ఇల్లిల్లూ తిరిగి కనెక్షన్లు ఇచ్చాడు. రేట్లు, క్వాలిటీ, ఫిర్యాదుల విషయంలో ప్రభుత్వం కొత్త నిబంధనలు తెస్తుందని విన్నప్పటి నుంచి ఇంట్లో ఇదే గొడవ. "డబ్బు నాది, తీగ నాది, కస్టమర్ నావాడు. మధ్యలో ప్రభుత్వం ఎవరు?" అంటాడు. నేను కనెక్షన్ తీసుకునేవాళ్ళ తరఫున మాట్లాడితే, "నెల జీతం తీసుకునేవాళ్ళకు వ్యాపారం బాధ ఏం తెలుస్తుంది" అన్నాడు. రెండు వారాలుగా మా మధ్య మాటల్లేవు. నిజం చెప్పాలంటే నాకూ లోపల ఒక భయం ఉంది. ఈరోజు రేట్ల మీద అధికారం ఇస్తే, రేపు మనం ఏం చూడాలో, ఏం రాయాలో కూడా వాళ్ళే చెబుతారేమో! అసలు ప్రభుత్వానికి ఈ అధికారం ఉందా? ఉంటే ఎంతవరకు? అన్నయ్యకు ఏమని చెప్పను?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. తీగ వేసి వ్యాపారం చేసేవారికి నిబంధనలు పెట్టే అధికారం ఒకటి. ఆ తీగలో వెళ్ళే మాట మీద అధికారం ఇంకొకటి. మీ అన్నయ్య కోపం మొదటిదాని మీద, మీ భయం రెండోదాని గురించి. ఈ రెండింటినీ విడదీసి చూస్తే మీ ఇద్దరి మధ్య ఉన్న దూరం మీరు అనుకుంటున్నంత లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి అధికారం ప్రభుత్వానికి ఉంది, ఉండాలి కూడా. కానీ చట్టసభ రాసి ఇచ్చినంత మేరకే, ఒక్క అడుగు కూడా దాటకుండా. రెండో అధికారాన్ని మాత్రం ఎవరి చేతికైనా ఇచ్చేముందు వందసార్లు ఆలోచించాలి.

మీ అన్నయ్య మాటను తేలిగ్గా తీసుకోకండి. అప్పు తెచ్చినవాడికి నిద్ర పట్టదు. వడ్డీ నెలనెలా వస్తుంది, కస్టమర్ మాత్రం నెలనెలా కడతాడన్న నమ్మకం లేదు. గాలివానకు తీగ తెగితే అర్ధరాత్రి నిచ్చెన ఎక్కేది ఆయనో, ఆయన మనుషులో. అంత కష్టపడ్డాక ఎవరో ఆఫీసులో కూర్చుని "ఇలా చెయ్, అలా చెయ్యకు" అంటే ఒళ్ళు మండుతుంది. అది సహజం. అయితే "నా సొత్తు, నా ఇష్టం" అన్న వాదం కొత్తది కాదు. నూట యాభై ఏళ్ళ కిందట ఇదే మాట ధాన్యం గోదాముల యజమానులు అన్నారు.

అమెరికాలో షికాగో నగరం అప్పట్లో ధాన్యానికి పెద్ద సింహద్వారం. పడమటి రాష్ట్రాల రైతులు పండించిన గోధుమలు, మొక్కజొన్న అక్కడి గోదాముల గుండానే తూర్పుకు వెళ్ళాలి. అలాంటి గోదాములు 14 ఉండేవి. వాటిని నడిపేవి తొమ్మిది వ్యాపార సంస్థలు. ఏడాదికి ఎంత అద్దె తీసుకోవాలో అవి తమలో తాము మాట్లాడుకుని పత్రికల్లో వేసేవి. రైతుకు ఇంకో దారి లేదు. ఇల్లినాయ్ రాష్ట్రం 1871లో ఒక చట్టం చేసి, ఇంతకు మించి అద్దె తీసుకోకూడదని చెప్పింది. గోదాము మాది, ధాన్యం పెట్టుకోమని మేమెవరినీ బలవంతం చేయలేదు అంటూ మన్, స్కాట్ అనే యజమానులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1877లో తీర్పు వచ్చింది. తన సొత్తును పదిమందికీ తప్పనిసరిగా అవసరమయ్యే పనికి పెట్టినప్పుడు, ఆ మేరకు పదిమందికీ దాని మీద ఒక హక్కు ఏర్పడుతుంది, అలాంటి సొత్తుకు ప్రజల మేలు కోసం నిబంధనలు పెట్టవచ్చు అని ప్రధాన న్యాయమూర్తి మారిసన్ వెయిట్ రాశారు. ఆయన ఈ తర్కాన్ని 17వ శతాబ్దపు ఇంగ్లిష్ న్యాయమూర్తి మాథ్యూ హేల్ దగ్గర తీసుకున్నారు. హేల్ మాట్లాడింది రేవుల గురించి, పడవల గురించి. ఊరంతటికీ ఉన్న రేవు ఒక్కటే అయినప్పుడు ఆ రేవు యజమాని ఇష్టమొచ్చినంత అడగడానికి వీల్లేదన్నది ఆయన వాదం.

ఆ తీర్పు ఏం చెప్పలేదో కూడా గమనించండి. ప్రతి వ్యాపారం మీదా ప్రభుత్వం పెత్తనం చేయవచ్చని అది చెప్పలేదు. జనం తప్పించుకోలేని దారి మీద కూర్చున్న వ్యాపారం గురించే చెప్పింది.

ఇంటర్నెట్, కేబుల్ తీగ అలాంటి దారేనా అన్నదే మీ అన్నయ్యతో తేల్చుకోవాల్సిన విషయం. ఆయన్ని అడగండి: తీగ దేని మీద నుంచి వెళ్తోంది? స్తంభాల మీద నుంచో, రోడ్డు తవ్వి భూమి లోపల నుంచో. ఆ రోడ్డు అందరిదీ. అందరి స్థలం వాడుకునే అనుమతి తీసుకున్నప్పుడే దాంతోపాటు ఒక బాధ్యత కూడా వచ్చింది. ఇక రెండోది, ఒక ఇంటికి ఎన్ని తీగలు వస్తాయి? కూరగాయల దుకాణాలు వీధికి నాలుగు ఉండవచ్చు, ఇంటికి నాలుగు ఫైబర్ లైన్లు వేసేవాళ్ళు ఉండరు. మొదటి తీగ వేయడానికే బోలెడు ఖర్చు. రెండోవాడు అంత ఖర్చు పెట్టి సగం కస్టమర్లనే పట్టుకోగలిగితే ఇద్దరికీ నష్టమే. అందుకే చాలాచోట్ల ఒకరో ఇద్దరో మిగులుతారు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, తీగల వ్యాపారం లక్షణమే అంత.

ఒకప్పుడు నేనూ మీ అన్నయ్యలాగే మాట్లాడేవాణ్ణి. సర్వీసు నచ్చకపోతే మార్చుకుంటారు, మధ్యలో ప్రభుత్వం ఎందుకు అనేవాణ్ణి. తర్వాత నేను అద్దెకున్న భవనంలో ఒకే కంపెనీకి లైన్ వేసే ఒప్పందం ఉండేది. ఒకసారి పదకొండు రోజులు కనెక్షన్ లేదు. ఇంటి నుంచి పని చేసే రోజులవి. ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబర్ ఇచ్చేవారు, మర్నాడు ఆ నంబర్ మూసేసి కొత్తది ఇచ్చేవారు. "మార్చుకుంటాను" అని చెప్పడానికి కూడా నాకు ఇంకో కంపెనీ లేదు. ఆ పదకొండు రోజులూ నేను పడ్డ టెన్షన్ నా అభిప్రాయాన్ని మార్చేసింది.

సరే, అధికారం ఉండాలి. కానీ ఉండాలని మనం కోరుకోవడం వేరు, చట్టంలో ఉండటం వేరు. ఈ తేడా అర్థం కావాలంటే అమెరికా అనుభవాన్ని మించిన పాఠం లేదు. అందుకే దాన్ని కాస్త వివరంగా చెబుతాను.

అక్కడ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 1934 చట్టంతో పుట్టింది. ఆ చట్టం రాసినవాళ్ళకు తెలిసింది టెలిఫోన్, టెలిగ్రాఫ్, రేడియో. కేబుల్ టీవీ 1940ల చివర్లో వచ్చింది. కొండల మధ్య ఉన్న ఊళ్ళలో టీవీ సిగ్నల్ అందక, ఎత్తు మీద ఒక పెద్ద యాంటెనా పెట్టి అక్కడి నుంచి ఇళ్ళకు తీగలు లాగారు. చట్టంలో కేబుల్ అన్న మాటే లేదు. మరి ఎఫ్‌సీసీకి దాని మీద అధికారం ఉందా? టీవీ ప్రసారాలను చూసుకునే బాధ్యతకు అవసరమైనంత మేరకు ఉందని 1968లో సుప్రీంకోర్టు అంది. ఆ ధైర్యంతో ఎఫ్‌సీసీ ఇంకా ముందుకు వెళ్ళి, కేబుల్ కంపెనీలు ఇన్ని ఛానళ్ళు పట్టే సామర్థ్యం పెట్టుకోవాలి, కొన్నింటిని సామాన్య ప్రజలు వాడుకోవడానికి వదలాలి అంది. ఉద్దేశం మంచిదే. అయినా 1979లో అదే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ అధికారం కావాలంటే చట్టసభ ఇవ్వాలి, మీకు మీరే తీసుకోకూడదు అన్నది దాని సారాంశం. అప్పుడు కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, 1984లో కేబుల్ కోసం ఒక చట్టం చేసింది. ఆ తర్వాత రేట్లు బాగా పెరిగి జనం మొత్తుకుంటే 1992లో రేట్ల నియంత్రణతో ఇంకో చట్టం చేసింది. అధ్యక్షుడు జార్జి బుష్ దాన్ని తిప్పి పంపితే, రెండు సభలూ మూడింట రెండొంతుల ఓట్లతో మళ్ళీ గెలిపించుకున్నాయి. పెద్ద బుష్ నాలుగేళ్ళ పాలనలో ఆయన వీటోను కాంగ్రెస్ తోసిపుచ్చింది ఆ ఒక్కసారే. కేబుల్ బిల్లు ఆ దేశంలో ఎంత పెద్ద విషయమైందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంటర్నెట్ విషయంలో కాంగ్రెస్ అలా తేల్చి చెప్పలేదు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. బ్రాడ్‌బ్యాండ్ అన్నది టెలిఫోన్ లాగా ఇచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చేరవేసే రవాణా సేవా, లేక సమాచారాన్ని నిల్వచేసి, మార్చి అందించే సమాచార సేవా? మొదటిదైతే ఎఫ్‌సీసీకి గట్టి అధికారం ఉంటుంది, రెండోదైతే చాలా తక్కువ. 2002లో ఎఫ్‌సీసీ కేబుల్ ఇంటర్నెట్ సమాచార సేవే అంది, 2005లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. తర్వాత కామ్‌కాస్ట్ కంపెనీ కొన్నిరకాల ఫైళ్ళ పంపకాన్ని నెమ్మది చేస్తోందని తెలిసి, 2008లో అది తప్పని ఎఫ్‌సీసీ ఉత్తర్వు ఇచ్చింది. 2010లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కంపెనీ చేసింది సరైనదని కాదు, దాన్ని శిక్షించే అధికారం మీకు ఏ సెక్షన్ ఇచ్చిందో చూపలేకపోయారని. కొత్త నియమాలు రాసుకుంటే 2014లో వాటిలో ముఖ్యమైనవి పోయాయి. 2015లో, సరే ఇది రవాణా సేవే అని ప్రకటించి, ఏ వెబ్‌సైటునూ ఆపకూడదు, కావాలని నెమ్మది చేయకూడదు, డబ్బిచ్చిన వెబ్‌సైటుకు వేగం పెంచకూడదు అని నియమం పెట్టారు. దీన్నే మనం నెట్ న్యూట్రాలిటీ అంటున్నాం. 2016లో కోర్టులో అది నిలిచింది. 2017లో కొత్త ప్రభుత్వం వచ్చాక తీసేశారు, 2024లో ఇంకో ప్రభుత్వంలో మళ్ళీ పెట్టారు. అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు, చట్టం అస్పష్టంగా ఉన్నచోట ప్రభుత్వ సంస్థ చెప్పిన అర్థాన్నే కోర్టులు మన్నించాలన్న 40 ఏళ్ళ పాత పద్ధతిని పక్కన పెట్టింది. దాంతో 2025 జనవరి 2న అప్పీలు కోర్టు, బ్రాడ్‌బ్యాండ్ సమాచార సేవే, ఈ నియమాలు పెట్టే అధికారం ఎఫ్‌సీసీకి లేదు అని తేల్చింది.

ఇరవై ఏళ్ళకు పైగా ఉయ్యాల ఊగినట్టు ఊగింది. దీనివల్ల ఎవరు బాగుపడ్డారు? వినియోగదారుడికి ఏ హక్కు ఉందో తెలియదు. మీ అన్నయ్య లాంటి చిన్న వ్యాపారికి ఏ నియమం ప్రకారం పెట్టుబడి పెట్టాలో తెలియదు. మంచి నియమాన్ని కూడా బలహీనమైన పునాది మీద కడితే, ప్రభుత్వం మారిన ప్రతిసారీ అది కూలుతుంది. మంచి ఉద్దేశం ఉంటే చాలు, చట్టం ఎలా ఉన్నా ఫర్వాలేదు అనుకునే నాలాంటివాళ్ళను ఆలోచింపజేసే విషయం ఇది.

మీరు ఏ దేశం నుంచి రాశారో ఉత్తరంలో లేదు. భారతదేశంలోనైతే ఈ పునాది ఇంకోలా ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తంతి వ్యవస్థ మొత్తాన్నీ ప్రభుత్వ హక్కుగా మొదలుపెట్టింది. ప్రైవేటువాళ్ళకు లైసెన్సు ద్వారా అందులో భాగం వచ్చింది. అంటే అక్కడ ప్రశ్నే తిరగబడి ఉంటుంది. ప్రభుత్వానికి అధికారం ఉందా అన్నది కాదు, అంత అధికారాన్ని అదుపులో పెట్టేది ఎవరు అన్నది. దీనికి జవాబుగా ఒక గొప్ప తీర్పు 1995 ఫిబ్రవరిలో వచ్చింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ వచ్చిన తగాదాలో, గాలి తరంగాలు, అంటే టీవీ, రేడియో సిగ్నళ్ళను మోసే తరంగాలు, ప్రజల ఆస్తి, వాటి మీద ప్రైవేటు గుత్తాధిపత్యం ఎంత తప్పో ప్రభుత్వ గుత్తాధిపత్యమూ అంతే తప్పు, స్వతంత్రంగా ఉండే ఒక ప్రజా సంస్థ వాటిని చూసుకోవాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. అది తరంగాల గురించి చెప్పిన మాట. నేను తీగకూ అదే వర్తించాలంటాను. అదే ఏడాది కేబుల్ టీవీ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చింది. 1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడింది, 2000లో దాని నిర్ణయాల మీద అప్పీలుకు టీడీశాట్ అనే ట్రిబ్యునల్ వచ్చింది, 2004లో కేబుల్ కూడా ట్రాయ్ పరిధిలోకి వచ్చింది.

అక్కడ 2016లో నాలుగు నెలల్లోపే జరిగిన రెండు సంగతులు మీ అన్నయ్యకు తప్పక చెప్పండి. ఆ ఫిబ్రవరి 8న ట్రాయ్, చూసే వెబ్‌సైటును బట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టకూడదని నిబంధన తెచ్చింది. అంతకుముందు లక్షలమంది సామాన్యులు ట్రాయ్‌కి ఈమెయిళ్ళు రాశారు. జనం నిజంగా పాల్గొన్న నిబంధన అది. అదే ఏడాది మే 11న, కాల్ మధ్యలో తెగిపోతే కంపెనీలు పరిహారం ఇవ్వాలన్న ట్రాయ్ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. వినడానికి ఎంతో జనహితమైన నిబంధన! కానీ కంపెనీ క్వాలిటీ ప్రమాణాన్ని అందుకున్నా, తప్పు దానిది కాకపోయినా శిక్ష పడేలా ఉందని, అభ్యంతరాలకు సరైన జవాబు చెప్పలేదని కోర్టు అభిప్రాయపడింది. నిబంధనలు పెట్టే ముందు అందరి అభిప్రాయాలూ విని, కారణాలు రాతపూర్వకంగా చెప్పే పద్ధతిని పార్లమెంటు చట్టంగా చేస్తే బాగుంటుందని కూడా సూచించింది. ఒకే సంస్థ, ఒకే ఏడాది. ఒకటి మంచి దారిలో చేసింది, ఇంకొకటి గీత దాటి చేసింది. గీత దాటినప్పుడు ఆపడానికి కోర్టు ఉంది. ప్రైవేటు వ్యాపారికి రక్షణ ఇక్కడ దొరుకుతుంది, "ప్రభుత్వం ఎవరు" అని తలుపు వేసుకోవడంలో దొరకదు.

ఇక మీ భయం గురించి. అది ఉత్త భయం కాదమ్మా, దానికి ఆధారం ఉంది. తీగ యజమానిని అదుపు చేయడానికి ఇచ్చిన అధికారం మెల్లగా మాటను అదుపు చేయడానికి జారిపోవడం చాలా దేశాల్లో జరిగింది. లైసెన్సు రద్దు చేస్తామంటే చాలు, ఏ ఛానల్ కనిపించాలో ఏది కనిపించకూడదో చెప్పకుండానే చెప్పినట్టు. కాశ్మీర్‌లో 2019 ఆగస్టు నుంచి ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఎంతకాలమో చెప్పకుండా ఆపడం కుదరదు, ఆపే ఉత్తర్వును బయటపెట్టాలి, ఎందుకు అవసరమో చూపాలి అని 2020 జనవరి 10న కోర్టు చెప్పింది. అంతకుముందు 2015లో, ఆన్‌లైన్‌లో ఎవరికో చిరాకు తెప్పించే మాట రాస్తే అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను పూర్తిగా కొట్టేసింది. కాబట్టి మీ భయానికి మందు, తీగ మీద నియంత్రణే వద్దనడం కాదు. నిబంధనల పత్రం చేతికి రాగానే ప్రతి పేజీలోనూ ఒక్కటే చూడండి: ఇది కనెక్షన్ గురించి మాట్లాడుతోందా, దానిలో వెళ్ళే విషయం గురించి మాట్లాడుతోందా? వేగం, బిల్లు, ఫిర్యాదు గడువు, తీగ తెగితే ఎన్ని గంటల్లో బాగుచేయాలి, వేరే కంపెనీకి మారేటప్పుడు అడ్డు పెట్టకపోవడం, ఇవన్నీ కనెక్షన్ సంగతులు. "అభ్యంతరకరం", "ప్రజాప్రయోజనానికి విరుద్ధం" లాంటి కొలత లేని మాటలు కనిపిస్తే అక్కడ ఆగి, గట్టిగా ప్రశ్నించండి. ఆ మాట మీద మీరూ మీ అన్నయ్యా ఒకే వైపు నిలబడతారని నాకు నమ్మకం ఉంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. నియంత్రణ సంస్థలో కూర్చునేవాళ్ళు పెద్ద కంపెనీలకు దగ్గరైతే, కంచే చేను మేసినట్టవుతుంది. వంద పేజీల రిపోర్టులు, మూడు నెలలకోసారి ఆడిట్లు పెట్టారనుకోండి. పెద్ద కంపెనీకి అదొక డిపార్ట్‌మెంట్ పని. మీ అన్నయ్యకు అది వ్యాపారం మూసుకోవడమే. అప్పుడు ఊళ్ళో ఒక్క పెద్ద కంపెనీ మిగులుతుంది, వినియోగదారుడు షికాగో రైతులా మిగులుతాడు. అందుకని మీ అన్నయ్య కోపాన్ని అణచమని నేను చెప్పను, సరైన చోటుకు మళ్ళించమంటాను. ముసాయిదా అభిప్రాయాల కోసం బయటికి వచ్చినప్పుడు ఆయన రాయాలి. "ప్రభుత్వం జోక్యం వద్దు" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరూ చదవరు. నాకు ఇన్ని కనెక్షన్లు ఉన్నాయి, ఇంతమంది పని చేస్తున్నారు, ఈ నిబంధన పాటించాలంటే నెలకు ఇన్ని గంటలు పోతాయి, ఇంత చిన్న సంస్థలకు గడువు పెంచండి అని లెక్కతో రాస్తే ఆ కాగితానికి విలువ ఉంటుంది. రేపు కోర్టుకు వెళ్ళాల్సి వచ్చినా, ముందే చెప్పాం, పట్టించుకోలేదు అనడానికి అదే ఆధారం. తనలాంటి చిన్న ఆపరేటర్లు పదిమందితో కలిసి రాస్తే ఇంకా మంచిది.

మీరూ మీ వైపు నుంచి రాయండి. మీకు కస్టమర్ కష్టం తెలుసు, అన్నయ్య ఇంట్లో పెరిగారు కాబట్టి లైన్ వేసేవాడి కష్టమూ తెలుసు. రెండూ తెలిసినవాళ్ళు రాసే ఉత్తరాలు చాలా తక్కువ.

మాటలు మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మన్ కేసుతోనో ఎఫ్‌సీసీతోనో మొదలుపెట్టకండి. లెక్చర్ ఇస్తున్నట్టు ఉంటుంది. ఆ ముసాయిదా కాగితం తీసుకెళ్ళి, "అన్నయ్యా, ఇందులో నీకు నిజంగా నష్టం చేసేది ఏదో చూపించు, నేను రాసిపెడతాను" అనండి. ఆయన వేలు పెట్టి చూపించే వాటిలో కొన్ని న్యాయమైన అభ్యంతరాలే ఉంటాయి. వాటిని ఒప్పుకోండి. ఆ తర్వాత ఫిర్యాదుల గడువు దగ్గరకు వచ్చినప్పుడు, "మన ఇంట్లో పదకొండు రోజులు లైన్ లేకపోతే నువ్వు ఊరుకుంటావా?" అని మెల్లగా అడగండి.